అడిగే గడియారం, వినే గడియారం

కరీంనగర్

తమ్మీ,

నువ్వు పంపిన గడియారం ఫొటోలన్నీ చూసిన. దూరంకెల్లి కనబడే ఎర్ర అంకెలు, ముందల నల్ల అద్దం, బడి గంట కొట్టే రిలే. కరెంటు పోయి వచ్చినా ఎవరూ ముట్టుకోకుండనే టైం తనంతట తనే సరి చేసుకుంటదంటున్నవు. మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్ దాకా బళ్లకు, హాస్టళ్లకు ఇవి అమ్మాలనుకునుడు చాలా మంచి ఆలోచన. మన దగ్గర తయారైన వస్తువు మన బడి గోడకెక్కుతుంటే సంతోషం కాక ఇంకేముంటది.

నువ్వు ఫొటోలతోపాటు పంపిన ప్రోగ్రాం కూడా మొదటినుంచి చివరిదాక చదివిన. దాని మీదనే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతది. పక్కన పెట్టుకొని, ప్రోగ్రాం తెరిచి చూసుకుంట చదువు.

నీ ప్రోగ్రాంలో టైం ఎక్కడినుంచి తెచ్చుకోవాలె అన్న దగ్గర 'పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్' అని ఒక్క లైన్ ఉన్నది. పక్కన 19800 అని అంకె. మన టైం ప్రపంచ టైం కంటే అయిదున్నర గంటలు ముందు కాబట్టి అన్ని సెకన్లు కలుపుతున్నవు, అది సరిగ్గనే ఉన్నది. కానీ ఆ పేరు వెనక ఎవరున్నరో తెలుసుకోవాలె. అది కంపెనీ కాదు, సర్కారు కాదు. ఇంటర్నెట్ మీద టైం సరిచేసుకునే ఎన్‌టీపీ అనే పద్ధతిని అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మిల్స్ రూపొందించిండు, 1985లో దాని మొదటి పత్రం వచ్చింది. ఆయన 2024 జనవరిలో చనిపోయిండు. ఆ పద్ధతిలో జవాబిచ్చే సర్వర్లను 'పూల్' అనే ఒక్క పేరు కింద చేర్చి అందరికీ అందించే పని 2003లో ఆడ్రియన్ ఫాన్ బిడర్ మొదలుపెట్టిండు, తర్వాత దాన్ని ఆస్క్ బ్యోర్న్ హాన్సెన్ చూసుకుంటున్నడు. అందులో వేల సర్వర్లున్నయి. ఒకటి ఏదో యూనివర్సిటీది, ఒకటి చిన్న ఇంటర్నెట్ కంపెనీది, ఇంకొకటి ఎవరో ఇంట్ల మూలకు పెట్టి నడిపేది. ఎవరి కరెంటు బిల్లు వాళ్లదే, ఎవరి ఇంటర్నెట్ బిల్లు వాళ్లదే. మనకు టైం ఇచ్చినందుకు వాళ్లకు పైసా రాదు. నీ గడియారం అడిగే ప్రతిసారీ ఎవరో ఒకరి సొంత ఖర్చు మీద జవాబు వస్తున్నదన్నట్టు.

అడిగేది చిన్నదే, 48 బైట్ల ప్యాకెట్. జవాబు కూడా అంతే. అందుకే దాని బరువు ఎవరికీ కనబడదు. ఇప్పుడు నువ్వు వాడిన లైబ్రరీ సంగతి చూడు. ఆర్డ్యునో వాళ్లు ఎక్కువగ వాడే ఆ ఎన్‌టీపీ క్లయింట్ లైబ్రరీలో మనం ఏమీ చెప్పకుంటే 60 సెకన్లకోసారి అడుగుతది. అంటే ఒక్క గడియారం రోజుకు 1,440 సార్లు. బడి గంటకు నిమిషానికోసారి టైం సరిచేసుకునే అవసరం ఏమున్నది? ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటున్నది. జవాబు రాకుంటే ఆ లైబ్రరీ ఒక సెకను చూసి వట్టి చేతులతో తిరిగొస్తది, చివరిసారి ఎప్పుడు అడిగిందన్న లెక్క మాత్రం మారదు. నీ లూప్ మళ్లా తిరగంగనే మళ్లా అడుగుతది. సర్వర్ ఇబ్బందిలో ఉండి పలకకుంటే నీ గడియారం నిమిషానికోసారి కాదు, సెకనుకోసారి అడుగుడు మొదలుపెడతది. ఎదుటోడు అలిసిపోయినప్పుడే ఎక్కువ అడుగుతది.

ఇదే తప్పు ఇరవై ఏండ్ల కింద ఒక యూనివర్సిటీని ముంచింది. 2003 మే నెలలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మ్యాడిసన్ క్యాంపస్ టైం సర్వర్ మీదికి సెకనుకు 40,000 ప్యాకెట్ల దాకా వస్తున్నయని అక్కడ నెట్‌వర్క్ పని చూసే డేవ్ ప్లాంకా గమనించిండు. చూస్తే ఎవరో కావాలని దాడి చేస్తున్నట్టే ఉన్నది. జూన్‌లో అది సెకనుకు 2,50,000 ప్యాకెట్లకు పోయింది, 150 మెగాబిట్ల వేగం దాటింది. వెతుక్కుంట పోతే దాడి చేసేటోడు ఎవరూ లేడు. నెట్‌గేర్ కంపెనీ అమ్మిన ఇంటి రౌటర్లవి. ఆ యూనివర్సిటీ సర్వర్ అడ్రస్‌ను అంకెలతో సహా రౌటర్ లోపలి ప్రోగ్రాంలోనే రాసిపెట్టిన్రు, యూనివర్సిటీని ఒక్కమాట అడగలేదు. జవాబు వస్తే నిమ్మళంగ ఉండేటివి. రాకుంటే సెకనుకోసారి అడిగేటివి. అంటే సర్వర్ వాళ్లు విసిగి ఆ ప్యాకెట్లను ఆపేస్తే అవి తగ్గవు, ఇంకా పెరుగుతయి. అట్ల తయారైన డబ్బాలు 7,07,147 అని కంపెనీయే లెక్క చెప్పింది.

ఆ అంకె గురించి కొంచెంసేపు ఆలోచించు. అవన్నీ జనాల ఇండ్లల్లో ఉన్నయి. కంపెనీ కొత్త ప్రోగ్రాం విడుదల చేసింది, కానీ గోడకున్న రౌటర్‌ను దించి ప్రోగ్రాం మార్చేటోళ్లు ఎంతమంది ఉంటరు? ఆ డబ్బాలు పాడై మూలకు పడేదాకా అడుగుతనే ఉంటయి. ఆ అడ్రస్‌ను యూనివర్సిటీ ఇంకొక పనికి వాడుకునే వీలు కూడా పోయింది. చివరికి కంపెనీ ఆ యూనివర్సిటీకి 3,75,000 డాలర్లు ఇచ్చింది. నెట్‌గేర్ పెద్ద కంపెనీ, ఇవ్వగలిగింది. నీ వంటి చిన్న తయారీదారు అమ్మిన తర్వాత చెయ్యగలిగేది తక్కువ, అందుకే అమ్మకముందే చెయ్యాలె.

డెన్మార్క్‌లో అయితే దెబ్బ తిన్నది ఒక్క మనిషి. పౌల్ హెనింగ్ కాంప్ అనే ప్రోగ్రామర్ తన దేశపు నెట్‌వర్క్‌ల కోసం ఒక టైం సర్వర్ ఉచితంగ నడిపేటోడు. డీ-లింక్ కంపెనీ తన రౌటర్లల్లో ఆ సర్వర్ పేరు కూడా రాసిపెట్టింది. ఆయన సర్వర్‌కు వచ్చే ప్యాకెట్లల్లో 75 నుంచి 90 శాతం ఆ డబ్బాలవే అని తేలింది. కంపెనీతో నెలల తరబడి మాట్లాడినా పని కాక, 2006 ఏప్రిల్‌లో అందరూ చదివేటట్టు బహిరంగ లేఖ రాసిండు, ఆ నెలాఖరుకే రాజీ కుదిరింది. అప్పటిదాక ఆ ఖర్చు, ఆ తలనొప్పి ఆ ఒక్కని మీదనే.

తర్వాత కూడా ఆగలేదు. 2016 డిసెంబర్‌లో స్నాప్‌చాట్ ఐఫోన్ యాప్‌లో ఎవరో రాసిన లైబ్రరీ ఒకటి చేరి, యాప్ తెరిచినప్పుడల్లా పూల్‌లోని సర్వర్లను పెద్ద జాబితా పట్టుకొని వరుసగ అడిగింది. 2017లో టీపీ-లింక్ రిపీటర్లు అయిదు సెకన్లకోసారి అడుగుతున్నయని బయటపడ్డది, ఇంట్ల ఎవరూ ఏమీ వాడకున్నా నెలకు 715 మెగాబైట్లు దానికే పోతున్నయి. వీటిని చేసినోళ్లు ఎవరూ చెడ్డోళ్లు కారు. లైబ్రరీ దొరికింది, బల్ల మీద పెట్టి చూస్తే పని చేసింది, పంపిన్రు. ఒక్క గడియారం బల్ల మీద ఉన్నప్పుడు ఏ తప్పూ కనబడదు. వెయ్యి గోడల మీద ఉన్నప్పుడు కనబడతది. నువ్వు అమ్ముడు మొదలుపెట్టకముందే చెప్తున్నది అందుకే.

మన దగ్గర ఇంకొక సంగతి ఉన్నది, అది అమెరికా వాళ్ల పత్రాలల్లో నీకు దొరకదు. కరెంటు. వాన గాలికి ఒక ఫీడర్ పోతే ఒక మండలమంత చీకటైతది. మళ్లా వచ్చినప్పుడు ఆ మండలంలోని నీ గడియారాలన్నీ ఒక్క క్షణానే లేస్తయి, ఒక్క క్షణానే రౌటర్‌ను పట్టుకుంటయి, ఒక్క క్షణానే టైం అడుగుతయి. నేను పని చేసేకాడ కరెంటు వచ్చిన ప్రతిసారీ ఫైర్‌వాల్ లాగ్‌లో టైం అడిగే 123 పోర్టు మీద కెమెరాలు, హాజరు మిషన్లు అన్నీ ఒక్కసారే లేచి అడుగుడు చూస్తనే ఉంట. రౌటర్ అప్పటికింకా ఇంటర్నెట్‌కు కలిసి ఉండదు, జవాబు రాదు, అందుకని మళ్లా మళ్లా అడుగుతయి. నీ గడియారంలో ఆ లూప్ అట్లనే ఉంటే, మనకాడ కరెంటు వచ్చుడు పోవుడు ఉన్నన్ని సార్లు అది జరుగుతది.

ఇంకొకటి. మన ఊర్లకు వచ్చే మొబైల్ నెట్, ఫైబర్ నెట్ చాలావరకు వేల ఇండ్లను ఒక్క బయటి అడ్రస్ వెనక పెడతయి. టైం సర్వర్లు ఎవరు ఎక్కువ అడుగుతున్నరో అడ్రస్‌ను పట్టే లెక్క కడతయి, హద్దు దాటితే ఆ అడ్రస్‌కు జవాబు బంద్ చేస్తయి. అంటే ఒక బళ్లో నీ గడియారం అతిగ అడిగితే, అదే నెట్ మీదున్న ఇంకొక ఊరి ఆసుపత్రి కంప్యూటర్‌కు టైం దొరకకపోవచ్చు. ఎందుకు దొరకలేదో ఆ ఊళ్లో ఎవరికీ తెల్వదు. మన దేశపు పూల్‌లో ఉన్న సర్వర్లు యూరప్ దేశాలతో పోలిస్తే తక్కువ కాబట్టి వాటి మీద బరువు ఇంకా ఎక్కువ పడతది.

మరి టైం ఎవరిని అడగాలె? మన దేశపు టైం ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ వాళ్లు అణు గడియారాలతో నడుపుతరు. తూర్పు రేఖాంశం 82.5 డిగ్రీల మీద లెక్క కట్టిన టైం అది. మిర్జాపూర్ దగ్గరినుంచి, ఇటు కాకినాడ దగ్గరినుంచి ఆ గీత పోతది. మన కరీంనగర్ 79 డిగ్రీల కాడ ఉన్నది, సూర్యుణ్ని పట్టుకొని లెక్క వేస్తే మన పట్నం మధ్యాహ్నం సగటున పదమూడున్నర నిమిషాలు వెనక, ఆదిలాబాద్‌ది ఇంచుమించు 16 నిమిషాలు వెనక. మన నెత్తిమీది పొద్దును కాదని అందరం ఒక్క టైం ఒప్పుకున్నం కాబట్టే ఆ టైంను ఎవరో ఒకరు నడపాలె, అందరికీ పంచాలె. ఆ లాబొరేటరీకి సొంత టైం సర్వర్ ఉన్నది, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌కు 'సమయ్' పేరుతో రెండు సర్వర్లున్నయి. 2022 ఏప్రిల్ 28న కంప్యూటర్ల భద్రత చూసే కేంద్ర సర్కారు సంస్థ సెర్ట్-ఇన్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. డేటా సెంటర్లు, కంపెనీలు, సర్కారు సంస్థలు తమ కంప్యూటర్ల టైంను ఈ సర్వర్లతో సరిచూసుకోవాలె అని. దాన్ని చూసి నువ్వు ప్రతి గడియారంలో ఢిల్లీ సర్వర్ పేరు రాసిపెడతవేమో, ఆ పని చెయ్యకు. ఆ ఉత్తర్వులోనే ఉన్నది, వాటితో సరిచూసుకున్న ఇంకొక సర్వర్‌ను పట్టుకున్నా సరిపోతదని. ప్రతి గోడ గడియారం ఢిల్లీ దాకా పోవాల్సిన పని లేదు.

ఇక్కడే నేను అసలు చెప్పాలనుకున్నది ఉన్నది. నీకు గోదావరిఖనిలో, బెల్లంపల్లిలో బొగ్గు బాయి సైరన్ తెలుసు. షిఫ్ట్‌కు అది ఒక్కసారి మోగుతది. బాయికి పోయేటోడు వింటడు, బియ్యం కడిగే అమ్మ వింటది, బడికి పోయే పిల్లలు వింటరు. వినేటోళ్లు పది మందైనా, పది వేల మందైనా సైరన్‌కు ఒక్కటే పని. ఎన్‌టీపీ అట్ల కాదు. ప్రతి ఒక్కడు వచ్చి వేరే వేరే అడుగుతడు, ప్రతి ఒక్కనికీ వేరే వేరే జవాబు చెప్పాలె. ఇంటర్నెట్ గడియారానికున్న అసలు లోపం ఇదే. జర్మనీలో రేడియో మీద టైం సిగ్నల్ పంపుతరు, కోట్ల గోడ గడియారాలు విని సరిచేసుకుంటయి, పంపేటోళ్లకు ఏ బరువూ పెరగదు. మన నెత్తిమీద జీపీఎస్ ఉపగ్రహాలు చేస్తున్న పని కూడా ఇదే. వాటిలో అణు గడియారాలున్నయి, ఎవరు విన్నా వినకున్నా టైం చెప్పుకుంటనే ఉంటయి. పెద్ద కరెంటు సబ్‌స్టేషన్లల్లో టైం కోసం జీపీఎస్ గడియారాలనే పెడతరు, ఇంటర్నెట్ మీద ఆధారపడరు.

నువ్వు కూడా అదే చెయ్యి. ఒక బడికో, ఒక గురుకులానికో నాలుగు గడియారాలు పోతున్నయనుకో, అందులో ఒకదాంట్లో జీపీఎస్ మాడ్యూల్ పెట్టు. చిన్నది, ఖరీదు కూడా ఎక్కువ లేదు. యాంటెన్నా బడి మిద్దె మీద ఆకాశం కనబడేటట్టు పెడితే చాలు. ఆ గడియారం వింటది, మిగిలిన మూడు దాన్ని అడుగుతయి, బయటికి ఒక్క ప్యాకెట్ పోదు. ఇంటర్నెట్ లేని బళ్లకు కూడా అమ్మగలుగుతవు, కెరమెరి, నార్నూర్ దిక్కు ఊర్లల్లో ఇది నీకు లాభమే. మాడ్యూల్ కొనేటప్పుడు మాత్రం జర పైలం. జీపీఎస్‌లో వారాల లెక్క 1,024 కాంగనే మళ్లా సున్నా నుంచి మొదలైతది. చివరిసారి 2019 ఏప్రిల్ 6 రాత్రి అట్ల తిరిగింది, మళ్లా 2038 నవంబర్‌లో తిరుగుతది. పాత మాడ్యూళ్లు కొన్ని దాంతోని దాదాపు ఇరవై ఏండ్ల వెనకటి తేదీ చూపిస్తయి. ప్రోగ్రాంలో సంవత్సరం సరిచూసే లైన్ ఒకటి పెట్టు. ఎన్‌టీపీకి కూడా ఇటువంటి తేదీ ఒకటున్నది, 1900 నుంచి లెక్కపెడుతున్న సెకన్లు 2036 ఫిబ్రవరి 7న నిండి సున్నా అయితయి. నువ్వు అమ్మే గడియారం అప్పటికి గోడ మీదనే ఉండొచ్చు.

జీపీఎస్ పెట్టలేని చోట ఇంటర్నెట్‌నే అడగాల్సి వస్తే, తక్కువ అడుగు. దానికి ముందు గడియారం తన కాళ్ల మీద తను నిలబడాలె. నీ బోర్డు మీద టైం నడిపే డీఎస్3231 చిప్ పెట్టు, బటన్ సెల్‌తో సహా. వేడిని చూసుకుంట తన నడక సరిచేసుకునే చిప్ అది. 40 డిగ్రీల దాకా దాని తేడా పది లక్షలకు రెండు వంతులు, అంటే ఏడాది మొత్తం మీద నిమిషానికి అటూ ఇటూ. మన రామగుండం ఎండ 45 దాటుతది కదా, అప్పుడు కొంచెం పెరుగుతది, అయినా రోజుకు సెకనులో మూడో వంతు మించదు. అదే పేరు చివర 'ఎం' అక్షరం ఉన్న రకం దొరుకుతది, దాని తేడా పది లక్షలకు అయిదు వంతులు, అది కూడా బడి గంటకు చాలు. ఈ చిప్ ఉంటే కరెంటు రాంగనే గడియారం టైం చూపిస్తది, ఇంటర్నెట్ కోసం ఎదురుచూసే పని ఉండదు. రోజుకు ఒక్కసారి అడిగితే సరిపోతది. 1,440 ఎక్కడ, ఒకటి ఎక్కడ.

ఆ ఒక్కసారి కూడా అన్ని గడియారాలు ఒకే టైంకు అడగొద్దు. అర్ధరాత్రి 12కు పెడదామనిపిస్తది, అందరికీ అట్లనే అనిపిస్తది, అందుకే గంట మొదలయ్యే క్షణాన సర్వర్ల మీద బరువు ఎగుస్తది. నీ ప్రతి బోర్డుకూ వేరే వేరే చిప్ నంబర్ ఉన్నది కదా, దాన్ని 1,440తో భాగించి మిగిలిన శేషాన్ని పట్టుకొని రోజులో ఏ నిమిషానికి అడగాలో నిర్ణయించు. కరెంటు వచ్చిన తర్వాత అడగాల్సి వస్తే గంట లోపల ఏదో ఒక క్షణం దాకా ఆగి అడుగనియ్యి. జవాబు రాకుంటే నిమిషం, రెండు, నాలుగు, ఎనిమిది, ఇట్ల ఆగే టైం పెంచుకుంట పో. ఇట్ల టైం అడిగే పద్ధతి మీద 2006లో వచ్చిన నియమాల పత్రంలో రాసే ఉన్నది, ఏ పరిస్థితిలోనూ 15 సెకన్లకంటే దగ్గరగ అడగొద్దని, జవాబు లేకుంటే దూరం జరగాలని. 'నన్ను అడగకు' అని చెప్పే ప్రత్యేకమైన జవాబు కూడా ఎన్‌టీపీలో ఉన్నది, నీ లైబ్రరీ దాన్ని చూడనే చూడదు. ఆ జవాబు వస్తే ఆ సర్వర్‌ను విడిచిపెట్టాలె.

అడ్రస్ సంగతి. అంకెలతో ఎన్నడూ రాయకు, విస్కాన్సిన్ వాళ్ల గోస గుర్తు పెట్టుకో. పూల్ పేరును కూడా ఉన్నదున్నట్టు రాసి అమ్మొద్దు. గడియారాలు తయారుచేసి అమ్మేటోళ్లు వాళ్లకు ముందుగ చెప్పి, తమ వస్తువుకు వేరే పేరు తీసుకోవాలని పూల్ వాళ్ల నియమం. అట్ల తీసుకుంటే ఎప్పుడన్న నీ గడియారాల వల్ల ఇబ్బంది అయితే వాళ్లు నిన్ను పట్టుకొని మాట్లాడగలుగుతరు, మిగిలినోళ్లకు దెబ్బ తగలకుండ చూసుకోగలుగుతరు. గడియారం లోపలి ప్రోగ్రాంను దూరంనుంచి మార్చే ఏర్పాటు కూడా మొదటినుంచే ఉండాలె. నిచ్చెన వేసుకొని ఊరూరా తిరిగి మార్చుడు నీతోని కాదు.

ఇదంతా నీకు పని పెంచుతది, బోర్డు ఖర్చు కూడా కొంచెం పెరుగుతది, నాకు ఎరుకే. ధర అంతమేరకు పెంచు, ఎందుకు పెంచినవో బడి హెడ్‌మాస్టర్లకు చెప్పు. కరెంటు పోయినా, ఇంటర్నెట్ పోయినా సరిగ్గ నడిచే గడియారమని చెప్తే వాళ్లు కాదనరు. ముఖం తెల్వని మనుషులు సొంత పైసలతో నడుపుతున్న సర్వర్ల మీద మనం వ్యాపారం కడుతున్నప్పుడు, వాళ్లకు బరువు కాకుండ చూసుకునుడు మన పని.

మొదటి ఆర్డర్ వారం రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు. ఆ 60 సెకన్ల లూప్ తీసెయ్యి, చిప్ పెట్టు, మార్చిన ప్రోగ్రాం నాకు పంపు. నేను చూసి సరే అన్నంకనే గడియారాలు బండెక్కియ్యి.

ఇట్లు,
మీ అక్క